అర్ధరాత్రి ఛాతీలో మంటా? ఎసిడిటీని పెంచే తిండి, మందులు ఇవే.. అది గ్యాసా, గుండెపోటా తేల్చుకోవడం ఎలా?

రేణిగుంట: రాత్రి పదకొండు దాటాక ఇంటికి చేరడం, వేడివేడి సంగటి ముద్దను నాటుకోడి పులుసులో ముంచి కడుపు నిండా తినడం, పది నిమిషాల్లో మంచం ఎక్కడం. సరిగ్గా రెండు గంటలకు ఛాతీలో మంట మొదలవుతుంది. గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నుకొస్తాయి. లేచి కూర్చుని నీళ్లు తాగి, అలమారలో ఉన్న గ్యాస్ మాత్ర ఒకటి వేసుకుని మళ్లీ పడుకుంటారు. రేణిగుంటలో చాలా ఇళ్లలో ఇది మామూలు కథే.

చెన్నై - ముంబై మార్గం, గూడూరు - కాట్పాడి మార్గం కలిసే జంక్షన్ ఇది. రాత్రీ పగలూ తేడా లేకుండా రైళ్లు నడుస్తుంటాయి. పక్కనే తిరుపతి విమానాశ్రయం ఉంది. చుట్టూ షిఫ్టుల్లో నడిచే ఫ్యాక్టరీలు ఉన్నాయి. రైల్వే సిబ్బంది, ఫ్యాక్టరీ కార్మికులు, ట్యాక్సీ డ్రైవర్లు, హోటల్ వర్కర్లు.. వీళ్లలో చాలామందికి వేళకు తిండి అన్నదే ఉండదు. ఈ మంటకు అసలు కారణం ఏంటి? ఏం తింటే పెరుగుతుంది? ఏ మాత్రలు దాన్ని ఎక్కువ చేస్తాయి? అన్నిటికంటే ముఖ్యంగా, ఏ మంటను అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు? పూర్తి వివరాలు ఇవి.

అసలు ఏం జరుగుతుంది?

మనం తిన్న అన్నం గొంతు నుంచి అన్నవాహిక ద్వారా కడుపులోకి దిగుతుంది. అన్నవాహిక కడుపుతో కలిసే చోట ఒక కండరాల వలయం ఉంటుంది. ముద్ద వచ్చినప్పుడు తెరుచుకుని, ఆ వెంటనే మూసుకుపోవడం దాని పని. ఒక రకంగా రైల్వే గేటు లాంటిది. ఆ గేటు వదులైనా, వేళకాని వేళ తెరుచుకున్నా కడుపులోని యాసిడ్ పైకి వస్తుంది. దీన్నే యాసిడ్ రిఫ్లక్స్ అంటారు.

కడుపు లోపలి పొరకు ఆ యాసిడ్‌ను తట్టుకునే జిగురు రక్షణ ఉంటుంది. అన్నవాహికకు అంత రక్షణ ఉండదు. అందుకే యాసిడ్ తగలగానే మంట పుడుతుంది. అప్పుడప్పుడూ ఇలా జరగడం మామూలే. వారానికి రెండుసార్లు, అంతకంటే ఎక్కువగా వస్తుంటే మాత్రం డాక్టర్‌కు చూపించుకోవాలి. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే అన్నవాహికలో పుండ్లు పడొచ్చు, దారి సన్నబడొచ్చు. కొద్దిమందిలో లోపలి పొర మారిపోయి క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది.

మంటను పెంచే తిండి ఇదే

1. నూనె, నెయ్యి ఎక్కువైనవి: మిరపకాయ బజ్జీలు, వడలు, పూరీలు, మటన్ వేపుడు, బిర్యానీ. కొవ్వు ఎక్కువగా ఉన్న తిండి కడుపులోంచి త్వరగా కిందికి దిగదు. పైగా ఆ గేటును కూడా వదులు చేస్తుంది. కడుపు ఎంతసేపు నిండుగా ఉంటే యాసిడ్ పైకి రావడానికి అంత అవకాశం ఉంటుంది.

2. కారం: రాయలసీమ భోజనం అంటేనే కారం. ఎర్రకారం పూసిన దోశ, వేరుశనగ ఊరుబిండి, పచ్చిమిర్చి నూరిన పచ్చళ్లు ఇక్కడ రోజువారీ తిండి. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం అప్పటికే ఒరుసుకుపోయిన అన్నవాహికకు తగిలితే మంట రెట్టింపు అవుతుంది. అయితే కారం తిన్న అందరికీ రిఫ్లక్స్ రాదు. చిన్నప్పటి నుంచి అలవాటైన వాళ్లకు ఏమీ కాకపోవచ్చు.

3. పులుపు: చింతపండు పులుసు, టమాటా పచ్చడి, నిమ్మకాయ, మామిడికాయ ఊరగాయ. మదనపల్లె టమాటా, చిత్తూరు మామిడి పండే ప్రాంతంలో పులుపు లేని వంట ఊహించడమే కష్టం. పులుపులో ఉండే ఆమ్లం అన్నవాహిక గాయాన్ని నేరుగా రేపుతుంది. రసం, పులుసు, పచ్చడి, ఊరగాయ.. ఈ నాలుగూ ఒకే పూట కంచంలో పడితే ఇబ్బంది ఎక్కువ.

4. కాఫీ, టీ: తమిళనాడు సరిహద్దు ప్రాంతం కావడంతో ఇక్కడ ఫిల్టర్ కాఫీ అలవాటు ఎక్కువ. పరగడుపున స్ట్రాంగ్ కాఫీ తాగగానే కొందరికి మంట మొదలవుతుంది. కాఫీ మీద జరిగిన పరిశోధనల్లో ఫలితాలు ఒకేలా లేవు. కొందరికి పడదు, కొందరికి ఏమీ కాదు. రాత్రి డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి నాలుగైదు కప్పులు లాగించేవాళ్లు మాత్రం ఒకసారి లెక్క చూసుకోవాలి.

5. చాక్లెట్, పుదీనా: ఈ రెండూ గేటు కండరాన్ని వదులు చేస్తాయి. భోజనం తర్వాత అరుగుదల కోసమని నమిలే పుదీనా బిళ్లలు కొందరిలో మంటను తగ్గించకపోగా పెంచుతాయి.

6. ఉల్లి, వెల్లుల్లి: ముఖ్యంగా పచ్చి ఉల్లిపాయ. బిర్యానీ పక్కన, మసాలా బొరుగుల్లో వేసే పచ్చి ఉల్లి ముక్కలు చాలామందికి పుల్లటి తేపులు తెప్పిస్తాయి. ఉడికిన ఉల్లితో ఆ ఇబ్బంది అంతగా ఉండదు.

7. కూల్ డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు: వీటిలోని గ్యాస్ కడుపును ఉబ్బిస్తుంది. ఉబ్బిన కడుపు గేటును తోస్తుంది. ఎనర్జీ డ్రింకుల్లో కెఫీన్ అదనం.

8. మద్యం: గేటును వదులు చేస్తుంది, అన్నవాహిక పొరనూ దెబ్బతీస్తుంది. పక్కన వేపుడు, ఆపై సిగరెట్ కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

మందు అనుకుని తాగేదే మంట పెంచుతుందా?

కడుపు బరువుగా ఉందంటే చాలు.. నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి సోడా కొట్టించుకుని తాగడం మన దగ్గర పాత అలవాటు. గట్టిగా ఒక తేపు వస్తుంది, హాయిగా అనిపిస్తుంది. కానీ ఆ తేపుతో పాటే యాసిడ్ కూడా పైకి వస్తుంది. నిమ్మరసంలోని పులుపు, సోడాలోని గ్యాస్.. రెండూ రిఫ్లక్స్ ఉన్నవాళ్లకు పడనివే. అజీర్తికి, రిఫ్లక్స్‌కు తేడా తెలియకపోవడం వల్లే ఈ పొరపాటు.

వంట సోడా సంగతి ఇంకోలా ఉంటుంది. అది యాసిడ్‌ను కాసేపు చల్లార్చే మాట నిజమే. కానీ ఒక టీస్పూన్ వంట సోడాలో సుమారు 1,200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తం మీద సోడియం 2,000 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు రోజూ సోడా నీళ్లు తాగితే ఒక జబ్బుకు ఇంకో జబ్బు తోడవుతుంది. నీళ్లలో వేయగానే పొంగే గ్యాస్ పొడుల్లోనూ ఉండేది ప్రధానంగా ఈ సోడియం లవణాలే.

చల్లటి పాలు కూడా అంతే. తాగిన కాసేపు చల్లగా ఉంటుంది. తర్వాత పాలలోని కొవ్వు, ప్రోటీన్ కలిసి కడుపులో మళ్లీ యాసిడ్‌ను ఊరిస్తాయి.

తిండి ఒక్కటే కాదు.. ఇవి కూడా

పొగాకు: బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా.. రూపం ఏదైనా లోపల ఉండేది నికోటిన్. అది గేటు కండరాన్ని వదులు చేస్తుంది. పొగ తాగితే లాలాజలం తగ్గుతుంది. పైకి వచ్చిన యాసిడ్‌ను కడిగేసేది ఆ లాలాజలమే కదా! రాత్రి షిఫ్టులో నిద్ర రాకుండా ఖైనీ పెట్టుకునేవాళ్లకు ఛాతీ మంట వదలకపోవడానికి ఇదొక కారణం.

నొప్పి మాత్రలు: ఒళ్లు నొప్పులు, మోకాళ్ల నొప్పులు, తలనొప్పి.. దేనికైనా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్, ఆస్పిరిన్ లాంటివి కడుపు పొరను దెబ్బతీస్తాయి. ఎక్కువ రోజులు వాడితే పుండ్లు పడి రక్తస్రావం కూడా కావొచ్చు. నొప్పికి ఒక మాత్ర, ఆ మాత్రతో వచ్చిన మంటకు ఇంకో మాత్ర.. ఇలా నెలల తరబడి నడిపించేవాళ్లు ఉన్నారు.

గొంతులో చిక్కుకునే మాత్రలు: డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, ఐరన్ మాత్రలు, పొటాషియం మాత్రలు, ఎముకల బలానికి ఇచ్చే అలెండ్రోనేట్.. వీటిని ఒక గుక్క నీళ్లతో మింగి పడుకుంటే అన్నవాహికలోనే ఆగి అక్కడ పుండు చేయొచ్చు. నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, కనీసం అరగంట నిటారుగా కూర్చోవాలి.

బీపీ, ఆస్తమా, గుండె మందులు: యామ్లోడిపిన్, నిఫెడిపిన్ రకం బీపీ మాత్రలు, ఆస్తమాకు ఇచ్చే థియోఫిలిన్, ఛాతీ నొప్పికి ఇచ్చే నైట్రేట్లు కొందరిలో గేటును వదులు చేస్తాయి. అలాగని ఈ మాత్రలు సొంతంగా ఆపేయడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. మంట ఉందని డాక్టర్‌కు చెప్తే అవసరాన్ని బట్టి ఆయనే మారుస్తారు.

బిగుతు బట్టలు, పొట్ట: బిగించిన బెల్టు, నడుము దగ్గర పట్టేసే బట్టలు కడుపును నొక్కుతాయి. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు చేసే పనీ అదే. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లు కొంత తగ్గినా మంటలో తేడా కనిపిస్తుంది.

గర్భిణులు: హార్మోన్ల ప్రభావంతో గేటు వదులవుతుంది, పెరిగే గర్భం కడుపును పైకి నెడుతుంది. అందుకే చివరి నెలల్లో ఛాతీ మంట మామూలు. అయినా ఏ మాత్ర వేసుకోవాలన్నా డాక్టర్‌ను అడగాల్సిందే.

ఏం తిన్నారన్నదే కాదు.. ఎప్పుడు తిన్నారు?

సంగటి మీద నేరం వేయడం తప్పు. రాగి సంగటి చప్పటి తిండి. అందులో నూనె లేదు, పులుపు లేదు. సమస్యంతా దాని పక్కన వచ్చే నూనె తేలే పులుసుతో, తినే పరిమాణంతో, తిన్న వెంటనే నడుం వాల్చడంతో వస్తుంది. నిలబడి ఉన్నప్పుడు, కూర్చున్నప్పుడు యాసిడ్ తన బరువుకే కిందే ఉంటుంది. పడుకోగానే ఆ అడ్డు పోతుంది.

పడుకోవడానికి కనీసం రెండు మూడు గంటల ముందే భోజనం ముగించాలన్నది వైద్య మార్గదర్శకాల్లో ఉన్న మాట. రాత్రి డ్యూటీ వాళ్లకు ఇది కష్టమే. అలాంటప్పుడు లెక్క కొంచెం మార్చుకోవాలి. పెద్ద భోజనం డ్యూటీకి వెళ్లే ముందే చేయాలి. మధ్యలో రెండు ఇడ్లీలు, అరటిపండు, రాగి జావ లాంటివి కొద్దికొద్దిగా తీసుకోవాలి. తెల్లారి ఇంటికొచ్చాక నిద్రకు ముందు కడుపు నిండా తినకూడదు.

రైలు ప్రయాణికులకూ ఇదే వర్తిస్తుంది. సాయంత్రం తిరుపతిలో బయల్దేరి రేణిగుంట మీదుగా హైదరాబాద్ వైపు వెళ్లే పద్మావతి, నారాయణాద్రి లాంటి రైళ్లలో పరిస్థితి తెలిసిందే. కొండ మీద క్యూలో గంటల తరబడి ఆకలితో నిలబడి, రైలెక్కాక బిర్యానీ ప్యాకెట్ విప్పి, తినేసి వెంటనే బెర్తు మీద వాలిపోతారు. రైలెక్కగానే త్వరగా తినేసి, కాసేపు కూర్చుని, తర్వాత ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే నయం. ఎడమ పక్కకు పడుకుంటే కడుపు అన్నవాహిక కంటే కిందికి ఉంటుంది, యాసిడ్ పైకి రావడం తగ్గుతుంది.

ఇంట్లో అయితే మంచం తలవైపు కోళ్ల కింద 6 నుంచి 8 అంగుళాల ఎత్తు పెట్టాలి. రెండు దిండ్లు వేసుకుంటే సరిపోదు. దిండ్ల వల్ల మెడ మాత్రమే వంగి, పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

మరి ఏం తినొచ్చు?

ఇడ్లీ, రాగి జావ, మెత్తటి సంగటి, పెసరపప్పు, కారం తగ్గించిన ఆకుకూర పప్పు, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ కూరలు, అరటిపండు, బొప్పాయి, పుచ్చకాయ ఎక్కువమందికి పడతాయి. పులవని పెరుగు, పలుచటి మజ్జిగ చాలామందికి ఇబ్బంది చేయవు. చేప, చికెన్ మానక్కర్లేదు, వేపుడు బదులు తక్కువ నూనెతో ఉడికించుకుంటే చాలు.

అన్నీ ఒకేసారి మానేయడం కూడా సరికాదు. పైన చెప్పిన జాబితా అందరికీ ఒకేలా వర్తించదు. ఒకరికి టమాటా పడదు, ఇంకొకరికి కాఫీ పడదు. రెండు వారాల పాటు ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎప్పుడు మంట వచ్చింది.. ఫోన్‌లోనే రాసుకోండి. అనుమానం ఉన్నదాన్ని ఒక్కొక్కటిగా మానేసి చూడండి. తేడా లేకపోతే దాన్ని నిశ్చింతగా మళ్లీ తినొచ్చు.

గ్యాస్ మాత్ర రోజూ వేసుకోవచ్చా?

ప్యాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటి మాత్రలు యాసిడ్ తయారీనే తగ్గిస్తాయి. ఇవి మంచి మందులే, కానీ వాడే పద్ధతి ముఖ్యం. తిన్నాక మంట వచ్చినప్పుడు వేసుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. భోజనానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. ప్రమాద లక్షణాలు లేనివాళ్లకు డాక్టర్లు సాధారణంగా 8 వారాలు ఇచ్చి, తగ్గాక ఆపి చూస్తారు. మరోసారి చూపించుకోకుండా పాత చీటీ మీదే ఏళ్ల తరబడి వాడేస్తే విటమిన్ బీ12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. అలాగని అన్నవాహికలో పుండ్లు ఉన్నవాళ్లు, డాక్టర్ ఎక్కువ కాలం వాడమన్నవాళ్లు భయపడి ఆపేయకూడదు.

ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఉన్న రానిటిడిన్ కథ తెలిసిందే. 2019లో ఆ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ కారకం కావొచ్చని భావించే కల్తీ పదార్థం బయటపడింది. 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలని కంపెనీలను కోరింది. 2022 సెప్టెంబర్‌లో మన దేశం కూడా దాన్ని అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి తొలగించింది. పాత స్ట్రిప్పులు ఇంట్లో ఉంటే, వాటిని వాడే ముందు డాక్టర్‌ను అడగడం మంచిది.

కారం తింటే అల్సర్ వస్తుందా?

ఇది చాలామందిలో ఉన్న అపోహ. కడుపులో అల్సర్లకు ప్రధాన కారణాలు రెండు. ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, రెండోది నొప్పి మాత్రలు. ఈ బ్యాక్టీరియా పాత్రను బయటపెట్టిన ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. మార్షల్ అయితే తన మాట నిరూపించడానికి ఆ బ్యాక్టీరియాను తానే తాగేశారు! కారం అల్సర్‌ను పుట్టించదు, ఉన్న మంటను రేపుతుందంతే. కాబట్టి కారం మానేసినా నొప్పి తగ్గకపోతే పరీక్ష చేయించుకోవాలి.

గ్యాసా? గుండెపోటా?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. గుండెపోటు నొప్పిని "గ్యాస్ నొప్పే" అనుకుని సోడా తాగి, మాత్ర వేసుకుని, తెల్లారాక చూద్దాంలే అని పడుకోవడం వల్ల విలువైన సమయం పోతుంది. అన్నవాహిక, గుండె పక్కపక్కనే ఉంటాయి. రెండింటి నొప్పి ఒకే చోట అనిపిస్తుంది. లక్షణాలు చూసి డాక్టర్లు కూడా ఒక్కోసారి తేల్చలేరు. ఈసీజీ, రక్తపరీక్షలతోనే తెలుస్తుంది.

రిఫ్లక్స్ మంట సాధారణంగా తిన్నాక, వంగినప్పుడు, పడుకున్నప్పుడు వస్తుంది. నోట్లోకి పులుపు తగులుతుంది. లేచి కూర్చుంటే, యాంటాసిడ్ తాగితే తగ్గుతుంది.

కింది లక్షణాలు ఉంటే మాత్రం గుండె సమస్యగానే భావించాలి:

* ఛాతీ మీద బరువు పెట్టినట్టు, పిండేసినట్టు నొప్పి
* నొప్పి ఎడమ చేయి, భుజం, దవడ, వీపు వైపు పాకడం
* చల్లటి చెమటలు, ఆయాసం, కళ్లు తిరగడం, వాంతి
* నడిచినా, మెట్లెక్కినా పెరిగి, ఆగితే తగ్గే నొప్పి

షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్ద వయసు వాళ్లలో అసలు నొప్పే లేకుండా నీరసం, ఆయాసం, కడుపు పైభాగంలో ఇబ్బందిగానే గుండెపోటు రావొచ్చు. యాంటాసిడ్‌తో కాస్త తగ్గినంత మాత్రాన గుండెపోటు కాదని చెప్పలేం. అనుమానం వస్తే బైక్ మీద ఎక్కించుకుని తిప్పకుండా 108కు ఫోన్ చేయండి. ఈసీజీ తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. రక్తపు గడ్డను కరిగించే ఖరీదైన టెనెక్టెప్లేస్ ఇంజక్షన్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఉచితంగా ఇచ్చే స్టెమి కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌లో నడుస్తోంది. రేణిగుంట వాళ్లకు తిరుపతిలోని రుయా, స్విమ్స్ దగ్గర్లోనే ఉన్నాయి. పరీక్ష చేశాక గ్యాసే అని తేలినా నష్టం లేదు, నవ్వుకుంటూ ఇంటికి రావొచ్చు.

వెంటనే డాక్టర్‌ను కలవాల్సిన ఇతర లక్షణాలు

* మింగుతుంటే ముద్ద అడ్డుపడటం, నొప్పి
* కారణం లేకుండా బరువు తగ్గడం
* రక్తపు వాంతులు, కాఫీ పొడి రంగు వాంతులు
* తారులా నల్లటి విరేచనం
* రక్తం తగ్గిపోవడం, ఆగని వాంతులు
* మాత్రలు సరిగ్గా వాడినా మంట తగ్గకపోవడం

ఇలాంటివాళ్లకు ఎండోస్కోపీ అవసరం పడొచ్చు. సన్నటి గొట్టంతో అన్నవాహిక, కడుపు లోపల చూసే పరీక్ష ఇది. చాలావరకు కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. భయపడాల్సిన పనిలేదు.

సింపుల్‌గా చెప్పాలంటే.. రాత్రి తిండి తగ్గించి, వేళ ముందుకు జరపండి. తిన్న వెంటనే పడుకోకండి. పొగాకు, మద్యం మానేయండి. నొప్పి మాత్రలు అడ్డగోలుగా వేసుకోకండి. ఛాతీలో నొప్పి కొత్తగా, తీవ్రంగా వస్తే మాత్రం అది గ్యాసేనని ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పకండి. ఆ తీర్పు ఈసీజీని చెప్పనివ్వండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా, మార్చాలన్నా తప్పనిసరిగా డాక్టర్ సలహా తీసుకోండి.